ఇంట్లో ఒనిగిరి: మెతుకు చితక్కుండా ముద్ద కట్టడం

జపాన్‌లో ఉన్న రోజుల్లో మా అబ్బాయిని కిండర్‌గార్టెన్‌లో చేర్చిన రెండో వారం టీచరు ఒక చీటీ పంపారు. శుక్రవారం పిల్లల్ని పార్కుకు తీసుకెళ్తున్నాం, ఇంటి దగ్గర ఒనిగిరి చేసి పంపండి అని. అన్నం ముద్దే కదా, బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ముద్దలు కలుపుతూనే ఉన్నాం, ఇందులో టెన్షన్ పడేదేముంది అనుకున్నాను. ఇంట్లో ఉన్న సోనా మసూరి వండి, సున్నుండ చుట్టినట్టు బలంగా నొక్కి మూడు ఉండలు డబ్బాలో పెట్టాను. సాయంత్రం డబ్బా తిరిగొచ్చింది. ఉండల పైపొర జావలా చితికిపోయి ఉంది, లోపలి అన్నం పొడిపొడిగా రాలిపోయింది. మావాడు వేళ్లతో ఏరుకుని తిన్నాడట.

ఆ తర్వాత పక్కింటి పెద్దావిడ నన్ను తన వంటగదిలో నిలబెట్టి నేర్పారు. అప్పుడు తెలిసింది, నేను చేసిన తప్పులు రెండే. బియ్యం తప్పు, నొక్కుడు తప్పు. మన ముద్ద పప్పుతోనో పచ్చడితోనో కలిపి, మెదిపి చేసేది. చేతిలో పుట్టి నిమిషంలో నోట్లోకి పోతుంది. ఒనిగిరి అలా కాదు. పొద్దున్న కట్టింది మధ్యాహ్నం దాకా ఆకారం చెడకుండా ఉండాలి, కొరికినప్పుడు మాత్రం నోట్లో మెతుకు మెతుకుగా విడిపోవాలి. ఈ రెండూ ఒకేసారి కుదరాలంటే పనంతా పొయ్యి దగ్గరే జరిగిపోవాలి. చేతులు చేసేది చివర్లో అర నిమిషం పని.

ముందు కాస్త పరిచయం

జపనీస్‌లో 'నిగిరు' అంటే గుప్పిట పట్టడం. ఒనిగిరి అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. కొందరు దీన్నే 'ఒముసుబి' అంటారు. 'ముసుబు' అంటే కట్టడం, ముడివేయడం. నాకైతే ఈ రెండో మాటే చేసే పనికి బాగా అతుకుతుంది అనిపిస్తుంది. పిండడం కాదు, కట్టడం.

ఇది ఎంత పాతదంటే, 1987లో ఇషికావా జిల్లాలో తవ్వకాల్లో యయొయి కాలం నాటి, అంటే సుమారు రెండు వేల ఏళ్ల కిందటి, బొగ్గుగా మారిన అన్నం ముద్ద ఒకటి దొరికింది. 1889లో యమగత జిల్లా త్సురుఒకలో ఒక బడి పేద పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. జపాన్ బడి భోజనాలకు అదే తొలి అడుగు అంటారు. ఆ పళ్లెంలో ఉన్నది ఒనిగిరి, ఉప్పు చేప, ఊరగాయ. 1995 జనవరి 17న కోబె భూకంపం వచ్చినప్పుడు స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు బాధితులకు ఒముసుబి చేసి పెట్టారు. ఆ జ్ఞాపకంగా జనవరి 17ను ఒముసుబి రోజుగా పాటిస్తున్నారు. పండగ వంటకం కాదిది. ఆకలికి, ప్రయాణానికి, కష్టానికి చేసుకునే తిండి.

ఇంకో మాట. ఒనిగిరికీ సుషీకీ పొత్తు లేదు. సుషీ అన్నంలో వెనిగర్, చక్కెర కలుపుతారు. ఒనిగిరి అన్నంలో ఉప్పు తప్ప ఏమీ ఉండదు. మన దగ్గర చాలామంది వెనిగర్ పోసి చేసి, పుల్లగా ఉందేమిటి అని పక్కన పెట్టేస్తుంటారు.

బియ్యం దగ్గరే సగం పని

కావలసింది జపానికా రకం. పొట్టిగా, గుండ్రంగా, కాస్త ముత్యంలా మెరిసే గింజ. జపాన్‌లో అందరికీ తెలిసిన కొషిహికరి 1956లో నమోదైన రకం. ఫుకుఇ జిల్లా పరిశోధన కేంద్రంలో రూపొందింది, పేరు మాత్రం నీఇగత జిల్లాలో పండే పంటతో వచ్చింది. మన ఊళ్లలో పెద్ద సూపర్‌మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో 'సుషీ రైస్' అని అమ్మేది ఈ జాతి బియ్యమే. విదేశాల నుంచి వచ్చింది ఖరీదు ఎక్కువ. మన దేశంలో పండించినదీ దొరుకుతుంది, నేర్చుకోవడానికి అది చాలు. 'స్టికీ రైస్' అని రాసి ఉన్నది మాత్రం వేరు, దాన్ని దీనికి కొనకండి. అది మోచి అనే సాగే ముద్దలు చేసే జిగట బియ్యం, ఒక్కటే వండితే బంకలా సాగుతుంది.

మన బియ్యం ఎందుకు పనికిరాదు? బియ్యంలోని పిండిపదార్థంలో రెండు భాగాలు ఉంటాయి. ఎమైలోజ్ ఎక్కువైతే అన్నం పొడిపొడిగా వస్తుంది, ఎమైలోపెక్టిన్ ఎక్కువైతే అంటుకుంటుంది. జపానికాలో ఎమైలోజ్ సాధారణంగా 20 శాతం లోపే. మన సన్నబియ్యంలో అంతకంటే ఎక్కువ. మనకు కావలసిందీ అదేగా. విస్తట్లో మెతుకు మెతుకూ విడివిడిగా ఉండాలి, సాంబారు పోస్తే లోపలికి దిగాలి.

ఇక్కడొక తమాషా చుట్టరికం ఉంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, రైతుల నోట్లో బీపీటీ 5204, దాని పూర్వీకుల్లో మలేసియా నుంచి వచ్చిన మసూరి ఒకటి. ఆ మసూరిని ఇండికా, జపానికా రకాలను కలిపి పుట్టించారు. జపానికా వైపు నిలిచింది తైచుంగ్ 65 అనే తైవాన్ రకం. అంటే మన పళ్లెంలోని అన్నానికీ ఒనిగిరికీ దూరపు బంధుత్వం ఉన్నట్టే. జిగురు మాత్రం ఇటువైపు రాలేదు.

జపానికా దొరక్కపోతే? రెండు దారులున్నాయి. ఒకటి, కొత్త బియ్యం. మన ఇళ్లలో కొత్త బియ్యం అంటే ముఖం చిట్లిస్తాం, అన్నం ముద్దయిపోతుందని. ఏడాది మాగిన పాత బియ్యానికే గిరాకీ. జపాన్‌లో సరిగ్గా తలకిందులు. శరదృతువులో కోతలవగానే 'షిన్మై', అంటే కొత్త బియ్యం, అని సంచి మీద పెద్ద అక్షరాలతో రాసి అమ్ముతారు, జనం దాని కోసమే ఎదురుచూస్తారు. కాబట్టి మీరు తిట్టుకునే ఆ కొత్త సోనా మసూరే ఇక్కడ అక్కరకొస్తుంది. ఇంకో దారి, అస్సాం జిగట బియ్యం బొరా సావుల్ దొరికితే మూడు వంతుల సోనా మసూరికి ఒక వంతు కలపడం. ఈ రెండు పద్ధతుల్లోనూ ముద్ద నిలబడుతుంది గానీ అసలు రుచి రాదు, చల్లారితే తొందరగా గట్టిపడుతుంది. చేసిన వెంటనే తినడానికైతే ఫర్వాలేదు. బాస్మతి, ఉప్పుడు బియ్యం జోలికి మాత్రం వెళ్లొద్దు.

కొలత, కడగడం, నానబెట్టడం

జపాన్ కుక్కరుతో వచ్చే కొలత గిన్నె 180 మిల్లీలీటర్లు. దాన్ని 'గో' అంటారు. ఒక గో బియ్యం 150 గ్రాములు తూగుతుంది, వండితే సుమారు 330 గ్రాముల అన్నం అవుతుంది. 110 గ్రాములవి మూడు ఒనిగిరి వస్తాయి. ఈ వ్యాసంలో నేను రెండు గోల లెక్క చెబుతాను: 300 గ్రాముల బియ్యం, 400 మిల్లీలీటర్ల నీళ్లు, ఆరు ఒనిగిరి. వంటింటి తరాజు ఉంటే వాడండి. మన ఇళ్లలో ఒక్కో గ్లాసు ఒక్కో సైజు.

కడిగేటప్పుడు మొదటి నీళ్లు పోసిన వెంటనే రెండు తిప్పులు తిప్పి పారబోయాలి. పొడి బియ్యం అన్నిటికంటే ఎక్కువగా పీల్చుకునేది ఆ మొదటి నీళ్లనే, అందులో తవుడు వాసన ఉంటుంది. తర్వాత నీళ్లు దాదాపు లేకుండా, వేళ్లను పంజాలా వంచి గిన్నెలో ఇరవైసార్లు గుండ్రంగా తిప్పాలి. అరచేత్తో రుద్దితే గింజ విరుగుతుంది. విరిగిన గింజ అంటే ఉడికాక జావ. నీళ్లు పోసి వంపేసి, మళ్లీ రెండు మూడుసార్లు అదే పని. నీళ్లు అద్దంలా తేటగా అయ్యేదాకా కడగొద్దు, పల్చని మబ్బులా ఉన్నప్పుడు ఆపేయండి. ఆ కడుగు నీళ్లు మనం మొక్కలకు పోస్తాం, పూర్వం కుడితిలో కలిపేవాళ్లం. అక్కడివాళ్లు వాటిలో ముల్లంగి ఉడకబెడతారు, దాని ఘాటు తగ్గుతుందని.

కడిగిన బియ్యాన్ని జల్లెడలో ఐదు నిమిషాలు వార్చి, కొలిచిన నీళ్లలో నానబెట్టాలి. వేసవిలో అరగంట, చలికాలంలో గంట. ఈ పని ఎగ్గొట్టాలనిపిస్తుంది, ఎగ్గొట్టొద్దు. నానని గింజ బయట మెత్తబడి లోపల పలుకుగా మిగులుతుంది. నొక్కగానే బయటి భాగం చితుకుతుంది, నా మొదటి ఉండల్లాగా. నానిన గింజ పాలలా తెల్లగా మారుతుంది. అదే గుర్తు.

వండడం: అత్తెసరు పెట్టినట్టే

గంజి వార్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వార్చిన గంజిలోనే జిగురంతా పోతుంది. మన అమ్మమ్మలు అత్తెసరు పెట్టేవాళ్లు చూడండి, సరిపడా నీళ్లు పోసి, వార్చకుండా, నీళ్లన్నీ ఇగిరేలా, అదీ కావలసింది.

అడుగు మందంగా ఉన్న గిన్నె, బిగుతుగా కూర్చునే మూత తీసుకోండి. నానిన బియ్యాన్ని నీళ్లతో సహా పొయ్యి మీద పెట్టి మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ మంట పెట్టండి. ఎనిమిది పది నిమిషాల్లో తెర్లుతుంది, మూత అంచుల్లో నురుగు కనిపిస్తుంది. అప్పుడు మంట బాగా తగ్గించి పన్నెండు నిమిషాలు. చివర్లో పది సెకన్లు మంట పెంచి, అడుగున మిగిలిన తడి చిటపటమని ఆరే చప్పుడు వినగానే ఆపేయండి. ఇక పది నిమిషాలు మూత ముట్టుకోకూడదు. జపాన్‌లో పాతకాలం సామెత ఒకటుంది: మొదట సన్నగా, మధ్యలో భగభగ, పసివాడు ఏడ్చినా సరే మూత తీయకు. మొదట్లో సన్నమంట అన్నది కట్టెల పొయ్యికి చెప్పిన మాట, గ్యాస్ మీద అంత పట్టింపు అక్కర్లేదు. మూత మాట మాత్రం ఇప్పటికీ నిజం. లోపలి ఆవిరే చివరి వంట చేస్తుంది.

ఎలక్ట్రిక్ కుక్కరుంటే ఇంకా తేలిక. బటన్ టక్కుమని పైకి లేచాక పది పదిహేను నిమిషాలు అలాగే వదిలేయండి. ప్రెషర్ కుక్కర్‌లో విజిల్స్ లెక్కన వండటం నేను చెప్పను. నాకు ప్రతిసారీ మరీ మెత్తబడింది. వెయిట్ తీసేసి మామూలు మందపాటి గిన్నెలా వాడుకోవచ్చు.

మూత తీశాక తడిపిన చెక్క హస్తంతో అన్నాన్ని అడుగు నుంచి పైకి తిరగేయండి. కలియబెట్టడం కాదు. కత్తితో కోసినట్టు అడ్డంగా దింపి, ఎత్తి, వదలాలి. ఎక్కువున్న ఆవిరి పోయి గింజల మీద పల్చని మెరుపు వస్తుంది. ఒక మెతుకు తిని చూడండి. పలుకు తగలకూడదు, జావ కాకూడదు, పక్క మెతుకును అంటుకుని లేవాలి. అలా వస్తే తొంభై శాతం పని అయిపోయినట్టే.

లోపల ఏం పెట్టాలి

సూత్రం ఒక్కటే: ఉప్పగా, ఘాటుగా, పొడిగా. చుట్టూ ఉన్నది చప్పటి అన్నం కాబట్టి లోపలిది విడిగా తింటే కాస్త ఎక్కువే అనిపించాలి. తడి ఉంటే అన్నం నానిపోతుంది. నూనె ఉంటే మెతుకులు అంటుకోవు. ఒక్కో ముద్దకు రెండు చిన్న చెంచాలు, అంతకు మించొద్దు.

అన్నిటికంటే పాతది, నాకు ఇష్టమైనది ఉమెబొషి. ఊమె అనే పులుపు కాయను ఇంగ్లీషులో ప్లమ్ అంటారు గానీ అది ఆప్రికాట్‌కు దగ్గర చుట్టం. జూన్‌లో కాయల బరువులో 18 నుంచి 20 శాతం ఉప్పేసి ఊరబెడతారు, వానలు వెనకబట్టాక మూడు రోజులు ఎండలో ఆరబెడతారు. ఊరిన నీటిని పారబోయరు, ఊమెజు అని విడిగా దాచుకుని వంటల్లో వాడతారు. మొదటిసారి ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మాగాయ, మాగాయ ఊట, అంతే కదా! గింజ తీసి, గుజ్జు ముద్ద మధ్యలో పెట్టాలి. ఉమెబొషి ఉంటే అన్నం పాడవదని ఒక నమ్మకం. దాని ఉప్పు, పులుపు తాను తగిలిన చోట సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి, నిజమే. ముద్దంతటినీ కాపాడవు.

సాల్మన్ చేపకు బరువులో 3 శాతం ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్న తడి అద్ది, పెనం మీద కాల్చి, ముళ్లు తీసి పొరలు పొరలుగా విడదీయండి. ట్యూనా మయొనీస్‌కైతే 70 గ్రాముల డబ్బా చేపను గట్టిగా పిండి, రెండు చెంచాల మయొనీస్, అర చిన్న చెంచా సోయా సాస్ కలపాలి. పిండటంలో బద్ధకించకండి. 1983లో సెవెన్ ఇలెవెన్ జపాన్ దుకాణాల్లో మొదలైన ఈ కొత్త రుచి ఇవాళ ఉమెబొషిని దాటి పోయేంత అమ్ముడవుతోంది. 'ఒకక' అనే ఇంకో రకానికి కత్సుఒబుషిని, అంటే ఎండబెట్టిన బొనీటో చేప తురుమును, 5 గ్రాములు తీసుకుని చిన్న చెంచా సోయా సాస్‌తో తడిపితే చాలు. రెండు నిమిషాల పని. కొంబు అనే సముద్రపు నాచును సన్నగా తరిగి సోయా సాస్, కాస్త చక్కెరలో తడి ఇగిరేదాకా ఉడికించి కూడా పెడతారు.

శాకాహారులకు ఇక్కడ ఒక హెచ్చరిక. జపాన్‌లో దుకాణంలో కొనే ఒనిగిరిలో ఉమెబొషి, కొంబు అని చూసి నిశ్చింతగా తినకండి. వాటికి తరచు బొనీటో రసం కలుపుతారు. అన్నం మీద చల్లుకునే ఫురికకె పొడుల్లోనూ చాలావాటిలో చేప ఉంటుంది. జపాన్ మయొనీస్‌లో గుడ్డు ఉంటుంది. తోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయిలో ఎవరిని అడిగినా మొదట ఇదే చెబుతారు. ఇంట్లో చేసుకోవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

మన పచ్చళ్లు పెట్టొచ్చా అంటే, ఆవకాయ కుదరదు. నూనె కారి ముద్ద విచ్చిపోతుంది. మాగాయ ముక్కను నూనె పిండి సన్నగా తరిగి పెడితే ఉమెబొషికి సరైన మారు. నల్ల ఉసిరికాయ పచ్చడి, పోపు పెట్టని చింతకాయ తొక్కు కూడా చక్కగా ఒదుగుతాయి. గోంగూర బాగా దగ్గరగా వేయించి ఉండాలి. కొబ్బరి పచ్చడి లాంటివి వద్దు, వేడి అన్నంలో రెండు గంటల్లో పులిసిపోతాయి.

ముద్ద కట్టడం

అన్నం వేడిగా ఉండగానే కట్టాలి, చల్లారితే అతకదు. అలాగని పొగలు కక్కేటప్పుడు చెయ్యి పెట్టొద్దు. ఆరు భాగాలుగా పళ్లెంలోకి తీసి రెండు మూడు నిమిషాలు ఆగితే చెయ్యి ఓర్చుకునే వేడికి వస్తుంది.

పక్కన ఒక గిన్నెలో నీళ్లు, చిన్న పళ్లెంలో ఉప్పు పెట్టుకోండి. చేతులు సబ్బుతో కడిగి, నీళ్లలో ముంచి, గట్టిగా విదిలించండి. నీళ్లు కారుతుంటే అన్నం పాడవుతుంది, చెయ్యి ఆరిపోతే అన్నం అంటుకుంటుంది. మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు తీసుకుని రెండు అరచేతులకూ పట్టించండి. 100 గ్రాముల అన్నానికి గ్రాము లోపే పడాలి. ఉప్పు పైపొరకే అంటుతుంది కాబట్టి నాలుకకు ముందు ఉప్పు, తర్వాత అన్నం తీపి తెలుస్తాయి. అన్నం మొత్తంలో ఉప్పు కలిపేస్తే ఈ తేడా పోతుంది.

ఎడమ అరచేతిలో ఒక భాగం అన్నం పెట్టి, మధ్యలో వేలితో చిన్న గుంట చేసి, లోపలిది పెట్టి, చుట్టూ ఉన్న అన్నాన్ని దాని మీదికి జరపండి. ఇప్పుడు ఎడమ చెయ్యి కింద బల్లలా చదునుగా, కుడి చెయ్యి పైన పెంకుటింటి కప్పులా వంగి ఉండాలి. కుడి చేతి వంపే త్రికోణం మూలను తయారుచేస్తుంది. ఒకసారి అదిమి, ముద్దను మీవైపు మూడో వంతు దొర్లించి, మళ్లీ అదిమి, మళ్లీ దొర్లించండి. రెండు చుట్లు తిరిగితే ఆరు అదుములు. ఆపేయండి.

ఎంత బలం? అదే అసలు ప్రశ్న. సున్నుండకు పెట్టేంత బలం వద్దు. పిచ్చుక పిల్లను పట్టుకున్నంత అని కూడా చెప్పలేను, మరీ అంత సుతిమెత్తగా పడితే విచ్చిపోతుంది. మొదటి రెండు అదుములు బయటి గోడ నిలబడేంత, తర్వాతవి ఆకారం దిద్దేంత. పక్కింటావిడ పరీక్ష నాకు ఇప్పటికీ పనికొస్తుంది: కట్టిన ముద్దను విరిచి చూస్తే లోపల గింజల మధ్య చిన్న చిన్న గాలి సందులు కనిపించాలి. కొబ్బరి ముక్కలా గట్టిగా కనిపిస్తే మీరు పిండేశారు. మొదట చేసిన వాటిలో ఒకదాన్ని తప్పకుండా విరిచి చూసుకోండి.

త్రికోణం కుదరకపోతే బెంగ వద్దు. తోక్యో వైపు త్రికోణం ఎక్కువ, ఒసాకా, క్యోతో వైపు ధాన్యం మూటలా పొడుగ్గా చుట్టే ఆకారం ఉంది, గుండ్రంగా బిళ్లలా చేసే ప్రాంతాలూ ఉన్నాయి. పిల్లలకు పొడుగు ముద్దే పట్టుకోవడానికి వీలు.

చేతి మీద గాయం ఉన్నా, మధ్యాహ్నం దాకా దాచేది అయినా ఒట్టి చేత్తో కట్టొద్దు. చర్మం మీద ఉండే స్టెఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా అన్నంలో పెరిగి విడిచే విషం తర్వాత వేడి చేసినా పోదు. క్లింగ్ ఫిల్మ్ పరిచి, దాని మీద ఉప్పు చల్లి, అన్నం, లోపలిది, మళ్లీ కాస్త అన్నం పెట్టి, నాలుగు మూలలూ పైకి మెలితిప్పి పైనుంచి అదిమితే సరి. జపాన్ తల్లుల్లో చాలామంది ఇప్పుడు చేసేది ఇదే. చెయ్యి కాలదు, అంటుకోదు. నొక్కడం ఎక్కువైపోయే ప్రమాదం మాత్రం ఇందులోనే ఎక్కువ.

నోరి

పేరు వింటే మనకు ఒక ఇంటిపేరు గుర్తొస్తుంది. సముద్రపు నాచును ముక్కలు చేసి, చాప మీద కాగితంలా పరిచి ఆరబెట్టేదే నోరి. ఒక షీటు 21 సెంటీమీటర్లు, 19 సెంటీమీటర్లు ఉంటుంది. పొడవును మూడు పట్టీలుగా కత్తిరిస్తే మూడు ఒనిగిరికి సరిపోతుంది. నున్నగా మెరిసే వైపు బయటికి, గరుకు వైపు అన్నానికి.

ఈ నాచు సాగు చాలాకాలం జూదంలాగే సాగింది. ఎండాకాలంలో మాయమైపోయేది, చలికి మళ్లీ మొలిచేది, మధ్యలో ఎక్కడ ఉంటుందో రైతులకు తెలియదు. 1949లో బ్రిటన్ శాస్త్రవేత్త క్యాథలీన్ డ్రూ బేకర్ ఆ గుట్టు విప్పారు. ఆ కాలమంతా అది గవ్వల లోపల మరో రూపంలో ఉంటుందని. దాంతో విత్తనం మనుషుల చేతికొచ్చింది. జపాన్‌కు ఎప్పుడూ వెళ్లని ఆవిడకు కుమమొతొ జిల్లా ఉతొలో స్మారకం కట్టారు, ఏటా ఏప్రిల్ 14న అక్కడ ఆవిడను తలచుకుంటారు.

వాడే ముందు షీటును పొయ్యి మంటకు ఒక జానెడు ఎత్తులో రెండు మూడు సెకన్లు అటూ ఇటూ ఆడించండి, అప్పడం కాల్చినట్టు. నల్లటి రంగు ఆకుపచ్చకు తిరిగి, సముద్రపు వాసన లేస్తుంది. మన కోస్తా ఉక్కలో ప్యాకెట్టు విప్పిన గంటకే మెత్తబడిపోతుంది కాబట్టి మిగిలినదాన్ని సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో దాచాలి.

ఎప్పుడు చుట్టాలన్న దాని మీద రెండు వర్గాలున్నాయి. పొద్దున్నే చుట్టేసి, నోరి అన్నంలో మెత్తగా కలిసిపోయాక తినేవాళ్లు ఒకరు. తినే ముందు చుట్టి కరకరలాడించేవాళ్లు ఇంకొకరు. 1978లో సెవెన్ ఇలెవెన్ జపాన్ నోరికీ అన్నానికీ మధ్య పల్చని పొరతో అమ్మడం మొదలుపెట్టాక రెండో వర్గం బాగా పెరిగింది. నేను మొదటి వర్గం. మెత్తబడ్డ నోరి చేతికి అన్నం అంటకుండా చూస్తుంది, ముద్దను పట్టి ఉంచుతుంది. మా అబ్బాయి రెండో వర్గం, పట్టీలు విడిగా పెట్టించుకుంటాడు.

డబ్బాలోకి, ఫ్రిజ్‌లోకి

వేడిగా ఉన్నప్పుడే మూత బిగిస్తే ఆవిరి చెమ్మై అన్నం మీదే పడుతుంది. జల్లెడ మీద ఆరనిచ్చి, గోరువెచ్చదనం పోయాక చుట్టండి. ఉడికిన తర్వాత కూడా బతికి ఉండే బ్యాసిలస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నంలో ఉంటాయి, మన ఎండలకు తొందరగా పెరుగుతాయి. వేసవిలో రెండు మూడు గంటల్లో తినేయాలి, లేదా డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టాలి. ఎండాకాలం ట్యూనా మయొనీస్ బయటికి పంపొద్దు, ఉమెబొషి గానీ మాగాయ గానీ పెట్టండి.

ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. చెడిపోయి కాదు. ఉడికిన పిండిపదార్థం ఆ చల్లదనంలో తిరిగి బిగుసుకుంటుంది. దాచాలంటే ఫ్రీజరే మేలు. నోరి లేకుండా, కాస్త వెచ్చగా ఉండగానే ఒక్కొక్కదాన్ని క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా బాగుంటాయి. తినేటప్పుడు బయట కరగనివ్వకుండా నేరుగా మైక్రోవేవ్‌లో 600 వాట్ల మీద రెండు నిమిషాలు.

మిగిలితే కాల్చండి

చల్లారి గట్టిపడ్డ ముద్దలకు యాకి ఒనిగిరి, అంటే కాల్చిన ఒనిగిరి, ఉంది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో కొన్నిసార్లు దీని కోసమే ఎక్కువ చేస్తాను. దీని కోసమే చేసేటప్పుడు లోపల ఏమీ పెట్టొద్దు, పైన ఉప్పూ వద్దు, కట్టేటప్పుడు మాత్రం కాస్త గట్టిగా అదమండి.

దోసెల పెనానికి నూనె గుడ్డతో తుడిచి, మధ్యస్థం కంటే తక్కువ మంట మీద ముద్దను పెట్టి నాలుగైదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. తొందరపడి తిప్పితే పొర పెనానికే అంటుకుంటుంది. దానంతట అదే జారినప్పుడు తిప్పాలి. రెండు వైపులా మాడుచెక్కలా గట్టి పొర కట్టాకే సోయా సాస్ పూయండి. ముందే పూస్తే సాస్ మాడిపోతుంది గానీ అన్నం కాలదు. ఒక్కో వైపు చిన్న చెంచాలో సగం, అర నిమిషం కాల్పు, ఇంకో పూత, ఇంకో అర నిమిషం. గిన్నె అడుగున అంటిన మాడు కోసం మనం చిన్నప్పుడు కొట్టుకునేవాళ్లం చూడండి, ఆ వాసన వచ్చిందంటే దించేయొచ్చు.